ఇంట్లోకి రాని ఆరో కార్డ్

ధైర్యవంతులు రాసుకున్న వృత్తి అనుభవాలు చాలానే ఉన్నాయి. ఇది పిరికివాడు రాస్తున్నది. పగలు మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో, సాయంత్రం అదే ఊళ్ళో పురుగుమందుల దుకాణం పైన కిరాయి గదిలో, సెలవు రోజుల్లో చేవెళ్లలో గిటార్ నేర్పుతూ బతికాను. ఇప్పుడు మానేశాను. వేళ్ళ కీళ్ళు వంగడం లేదు, అంతకు మించి కారణం లేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఏ గిటార్ కొనిపించాలి, ఆన్‌లైన్‌లో చెప్పాలా గదిలో చెప్పాలా అని అడుగుతారు. అవన్నీ నాకంటే వాళ్ళ ఫోన్లకే బాగా తెలుసు. ఫోన్లో దొరకనిది భయం సంగతి. నేర్చుకునేవాళ్ళు భయపడతారు, వాళ్ళ అమ్మానాన్నలు భయపడతారు, జీతమిచ్చేవాడు భయపడతాడు, వీళ్ళందరినీ చూసి నేర్పేవాడు భయపడతాడు. ఈ మాట నాకెవరూ ముందుగా చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ పనిలోకి వచ్చేవాడినా అంటే, బహుశా రాకపోయేవాడిని.

ఎక్కం అప్పజెప్పినట్లు

మొదట్లో పిల్లల భయమంతా వేలి కొసల్లో ఉంటుంది. ఇనుప తీగలు కోస్తాయి, వేళ్ళు ఎర్రబడతాయి, పొక్కులు లేస్తాయి. షాబాద్ నుంచి బస్సులో వచ్చే ఒక పిల్లవాడి తల్లి, వాడి వేళ్ళు దవాఖానలో చూపించి మరీ నా ముందుకొచ్చి నిలబడింది. ఇది సంగీతమా, శిక్షా అని అడిగింది. కొన్నాళ్ళకు వేళ్ళు గట్టిపడతాయి, నొప్పి ఉండదని చెప్పి నా ఎడమచేతి వేళ్ళు చాపి చూపించాను. ఆమెకు ధైర్యం రాలేదు సరికదా, నా వేళ్ళు చూసి ఇంకా బెదిరిపోయింది. పిల్లవాడు మర్నాటి నుంచి రాలేదు.

వేళ్ళ భయం తగ్గేసరికి కార్డుల భయం పట్టుకుంటుంది. కార్డ్ అంటే మూడు స్వరాలు ఒక్కసారిగా మోగడం. మా వైపు కార్డ్ అనగానే రేషన్ కార్డు, ఆధార్ కార్డు గుర్తొస్తాయి కాబట్టి మొదటి రోజు అందరం కాస్త నవ్వుకునేవాళ్ళం. ఆ తర్వాత పుస్తకంలో చుక్కలు పెట్టిన బొమ్మలు చూడగానే ఆ నవ్వు ఆగిపోయేది. ఒక్కో కార్డుకు ఒక్కో బొమ్మ, తిరగేసిన కొద్దీ బొమ్మలే. వాటిని బట్టీ పట్టమంటే పరీక్ష హాల్లో కూర్చున్నట్లు పిల్లల ముఖాలు పాలిపోయేవి.

నేను బొమ్మలు పక్కన పెట్టి మేజర్ స్కేల్ అనే స్వరాల వరస నుంచి మొదలుపెట్టేవాడిని. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే గడులే ఫ్రెట్లు. ఒకే తీగ మీద రెండు ఫ్రెట్లు, రెండు ఫ్రెట్లు, ఒకటి. మళ్ళీ రెండు, రెండు, రెండు, ఒకటి. అలా ఎక్కుతూ పోతే ఏడు స్వరాలు పలికి, చివర మొదటి స్వరమే పై స్థాయిలో పలుకుతుంది. దాన్ని ఎక్కం అప్పజెప్పినట్లు అప్పజెప్పించేవాడిని. తర్వాత ఆ ఏడింటిలో ఒక స్వరం తీసుకో, పక్కది వదిలెయ్, దాని పక్కది తీసుకో, మళ్ళీ ఒకటి వదిలెయ్, ఇంకోటి తీసుకో. ఆ మూడూ కలిపి మోగిస్తే కార్డ్ అయింది. సీ నుంచి మొదలుపెడితే సీ, ఈ, జీ. డీ నుంచి అయితే డీ, ఎఫ్, ఏ. ఇలా ఏడు స్వరాల మీద ఏడు కార్డులు తయారవుతాయి. వాటిలో ఒకటి, నాలుగు, ఐదు మేజర్ కార్డులు. రెండు, మూడు, ఆరు మైనర్ కార్డులు. ఏడోది రెండూ కాదు, దాన్ని కొంతకాలం ముట్టుకోకండి. మేజర్‌ను మైనర్ చేయాలంటే మధ్య స్వరాన్ని ఒక్క ఫ్రెట్ కిందికి దించితే చాలు.

పాఠం ఇంతే. మిగిలిందంతా మనుషులతో పని.

గండిపేట ఇంట్లో పుట్టినరోజు

గండిపేట వైపు గేటు ఉన్న కాలనీలో ఒక సాఫ్ట్‌వేర్ ఆయనకు ఇంటికి వెళ్ళి చెప్పేవాడిని. ఆయనకు స్కేలు వద్దు. భార్య పుట్టినరోజుకు ఒక్క పాట వాయిస్తే చాలు, దానికి కావలసిన నాలుగు కార్డులు చూపిస్తే చాలు అన్నాడు. చెప్పించుకునేవాడే వద్దంటే నాకేమిటని బొమ్మలు ముందు పెట్టి ఆ నాలుగూ నేర్పాను. బాగానే వాయించేవాడు.

పుట్టినరోజుకు నన్నూ పిలిచాడు. ఆ రోజు పాట పాడాల్సిన మరదలికి జలుబు చేసింది. పై గొంతు అందడం లేదు, కాస్త కిందికి పాడదాం బావా అంది. అంతే, ఆయన చేతులు ఆగిపోయాయి. తన నాలుగు కార్డులూ ఏ స్కేల్లోంచి పుట్టాయో, వాటిలో ఒకటోది ఏదో ఐదోది ఏదో తెలిస్తే మొత్తం వరసను కిందికి జరుపుకోవచ్చు. ఆయనకు తెలిసింది నాలుగు బొమ్మలే. వచ్చినవాళ్ళు ప్లేట్లు పట్టుకొని చూస్తున్నారు. ఏసీ గదిలో ఆయనకు చెమట పట్టింది. పెద్ద కంపెనీలో అంతమందిని నడిపించే మనిషి, తప్పిపోయిన పిల్లవాడిలా నా వైపు చూశాడు. నేను ఆ చూపు తప్పించుకుని కేకు వైపు చూశాను. ఆ తర్వాత స్కేలు వద్దన్నవాళ్ళకు నేను పాఠం చెప్పలేదు.

కరస్పాండెంట్ సార్

మా స్కూలు కరస్పాండెంట్‌కు తల్లిదండ్రులంటే భయం. వార్షికోత్సవంలో స్టేజి నిండా గిటార్లు కనిపించాలనేవాడు. వాయించడం రాని పిల్లలు తీగల మీద అరచెయ్యి ఆనించి ఊరికే ఊపితే చాలట, పాట స్పీకర్లోంచి వస్తుందట. నేను కుదరదన్నానని రాసుకుంటే బాగుండేది. కుదరదనలేదు, ఊపించాను.

“పిల్లలకు వాయించుడు రాకున్నా నాకు ఫికర్ లేదు సార్,” అనేవాడాయన. “ఏ పేరెంటు గూడ నా గేటు కాడ నిలవడి లొల్లి వెట్టొద్దు.”

ఆయన్ని చెడ్డవాడనను. జీతం ఆపలేదు, గౌరవం తగ్గించలేదు. కానీ భయపడే మనిషి కింద పనిచేస్తే, అవసరం వచ్చినప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అక్కడ ఎవరూ ఉండరు. అది నేను తర్వాత తెలుసుకున్నాను.

ఇల్లు, బజారు, వాకిలి

ఒకటో కార్డ్, నాలుగో కార్డ్ అని నంబర్లు చెబితే పిల్లలకు తలకెక్కేది కాదు. అందుకని పేర్లు పెట్టాను. ఒకటో కార్డ్ ఇల్లు. పాట అక్కడ బయల్దేరుతుంది. నాలుగోది బజారు, ఇంట్లోంచి బయటపడి నాలుగడుగులు వేసినట్లు ఉంటుంది. ఐదోది వాకిలి. వాకిట్లోకి వచ్చినవాడు అక్కడే నిలబడిపోలేడు, లోపలికి వెళ్ళాలనిపిస్తుంది. ఐదో కార్డ్ మోగించి ఆపి చూడండి, సంగీతం రానివాడి చెవి కూడా ఇంట్లోకి పోదామంటుంది.

కాస్త ముదిరిన పిల్లలకు ఇంకో సంగతి చెప్పేవాడిని. పాటను వాకిలి దాకా తీసుకొచ్చి, ఇక ఇల్లు వచ్చేసిందని వినేవాళ్ళు అనుకునే సమయానికి, ఇంట్లోకి పోకుండా ఆరో కార్డ్‌కు జరగాలి. అది మైనర్. ఎక్కడో కలుక్కుమంటుంది. దీనికి పిల్లలే ‘పోవుడు’ అని పేరు పెట్టుకున్నారు. ఇక్కడ ఇంట్లకు రావాల్నా సార్, పోవుడా అని అడిగేవాళ్ళు. ఆ గదిలో ఈ మాటలు ఎంత మామూలైపోయాయంటే, గోడ అవతలివాళ్ళకు ఇవి ఎలా వినిపిస్తాయో ఎవరికీ తట్టలేదు.

పోవుడు అందరికంటే బాగా వాయించేది అఖిల. పట్నంలోది కాదు, మా పక్క ఊరు హిమాయత్‌నగర్ నుంచి షేర్ ఆటోలో వచ్చేది, అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. తండ్రి నర్సింలు టమాటా, పూలు పండిస్తాడు. తల్లి లేదు, మేనత్త యాదమ్మ పెంచింది. గిటార్ కొనిచ్చింది తండ్రే. మొదటి రోజు దాన్ని తన భుజాన మోసుకొచ్చి, నా బిడ్డకు మంచిగ నేర్పుండ్రి సార్ అని చెప్పి, గుమ్మం దగ్గర నిలబడి కాసేపు విని వెళ్ళాడు. అఖిల వాకిలి దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగేది. ఆ తర్వాత ఆరో కార్డ్‌కు జరిగితే క్లాసులో మిగతావాళ్ళు తమ వాయింపు ఆపేసి చూసేవాళ్ళు.

ఆమెకు జతగా చరణ్ వాయించేవాడు. చేవెళ్లలో హార్డ్‌వేర్ దుకాణం నడిపే సేటు కొడుకు. అతను స్కేలు మీద పాట నడిపిస్తే ఆమె కార్డులు వేసేది. వాళ్ళిద్దరి మధ్య పాట తప్ప ఇంకేమైనా ఉందా అని తర్వాత నన్ను చాలామంది అడిగారు. నాకు తెలిసినంతలో లేదు. నాకు తెలిసింది ఎంతో నాకు తెలియదు.

మేజర్ అన్న మాట

చేవెళ్లలో ఒక ఫంక్షన్ హాల్లో మా విద్యార్థులు వాయించే కార్యక్రమం పెట్టుకున్నాం, ఆదివారం. దానికి ముందు ఒక సాయంత్రం నేను గదిలో ఒంటరిగా తీగలు మారుస్తున్నాను. మెట్ల మీద చప్పుడైంది. నర్సింలు, అతని తమ్ముడు కిష్టయ్య, వెనకాల యాదమ్మ వచ్చారు. కిష్టయ్య లోపలికి రాగానే తలుపు దగ్గరికి వేశాడు. కూర్చోమంటే ఎవరూ కూర్చోలేదు.

“చరణ్ అనేటోడు ఎన్నిగంటలకొస్తడు సార్?” అన్నాడు నర్సింలు. గొంతు పెంచలేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

అతను ఆ సాయంత్రమే రావాలి, కాసేపట్లోనే రావాలి. ఏమైంది, ఎందుకని అడిగాను. నర్సింలు అక్క వైపు చూశాడు.

“నా చెవులతోటి విన్న సార్,” అంది యాదమ్మ. “దండెం మీది బట్టలు తీస్తుంటె, ఇది ఇంటెన్క నిలవడి ఫోన్ల మాట్లాడుతున్నది. ‘మైనర్ల అయితే నాకు భయం, మేజర్ అయినంకనే మొదలువెడ్దం’ అన్నది. ‘వాకిలి దాక వచ్చి ఇంట్లకు రాకుండ పోవుడే’ అన్నది. ‘ఆదివారం నేను తలకాయ ఊపంగనే పోదాం, నన్నే చూసుకుంట ఉండు’ అన్నది. ఇంకేం కావాలె సార్?”

మీరు పట్నంలో పెరిగి ఉంటే దీని బరువు తెలియకపోవచ్చు. మా వైపు ఆడపిల్ల గురించి మేజర్ అనే మాట ఠాణాలో వినపడుతుంది. పిల్ల వెళ్ళిపోయిన తర్వాత తండ్రి ఠాణాకు పోయి కూర్చుంటే, పిల్ల మేజర్, మా చేతుల్లో ఏమీ లేదంటారు. ఆ మాట విని తల దించుకుని బయటికొచ్చిన తండ్రులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అఖిలకు సరిగ్గా ఆ నెలలోనే పద్దెనిమిదేళ్ళు నిండుతున్నాయి.

నిజానికి ఆమె ఫోన్లో చెప్పింది పాట గురించి. కార్యక్రమాన్ని మైనర్ పాటతో మొదలుపెట్టాలా, మేజర్ పాట అయ్యాక దాన్ని అందుకోవాలా అని వాళ్ళు ఎప్పట్నుంచో తర్జనభర్జన పడుతున్నారు. చివర్లో పోవుడు పెట్టాలనుకున్నారు. ఇద్దరూ ఒకేసారి జరగాలి కాబట్టి తల ఊపి సైగ చేస్తానంది. నాకు ప్రతి మాటా అర్థమవుతోంది. ఆ గదిలో అర్థమయ్యేది నాకొక్కడికే.

అప్పటికే ఫోను లాక్కున్నారు, పిల్లను లోపలి గదిలో పెట్టి తాళం వేశారు. పొద్దున్నే షాబాద్ అవతల యాదమ్మ ఆడబిడ్డ ఇంటికి పంపేస్తారట. కాలేజీ బంద్. అక్కడే సంబంధం చూసి పెండ్లి చేసేస్తారట. ఇదంతా నర్సింలు నేల చూస్తూ చెప్పాడు. ఒక ఫోను మాటతో ఆ పిల్ల చదువు, బతుకు తెల్లారేసరికి మారిపోబోతున్నాయి.

నేను చెప్పడం మొదలుపెట్టాను. మేజర్ అంటే వయసు కాదు, ఒక స్కేలు పేరు అన్నాను. ఇల్లు అంటే ఇల్లు కాదు, ఒకటో కార్డ్ అన్నాను. పోవుడు అంటే ఐదు నుంచి ఆరుకు జరగడమన్నాను. నా మాటలు నాకే అబద్ధాల్లా వినిపించాయి.

“ఇల్లంటె ఇల్లు గాదా సార్?” అన్నాడు కిష్టయ్య. “మమ్ముల్ని ఎడ్డోళ్ళను జేస్తున్నవా?”

గిటార్ తీసి మేజర్ ఒకటి, మైనర్ ఒకటి వాయించి చూపించాను. అప్పుడే తీగలు మార్చాను కాబట్టి శ్రుతి నిలవలేదు. రెండూ ఒకేలా బరబరలాడాయి. నాకు రెండు ఒక్కతీర్గనే ఉన్నయి సార్ అన్నాడు నర్సింలు. కింద ఏదో ఆటో ఆగింది. చరణే అయి ఉంటాడని కిటికీలోంచి తొంగి చూశాను. కాదు, దుకాణానికి వచ్చిన వాళ్ళెవరో. మళ్ళీ ఇంకో ఆటో శబ్దం.

అప్పుడన్నాను, మీ ఇంటికే పోదాం, అఖిల చేతనే వాయించి చూపిస్తానని. ధైర్యంతో అన్నది కాదు. చరణ్ వచ్చేలోగా వీళ్ళను ఆ గదిలోంచి తీసుకుపోవాలని అన్నాను. తలుపు తాళం వేసే నెపంతో పక్కకు జరిగి కరస్పాండెంట్‌కు ఫోన్ చేశాను. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయనంటే గౌరవం, వచ్చి ఒక్క మాట చెబుతాడేమోనని ఆశ. ఆయన అంతా విని, మన స్కూల్ పేరు మాత్రం తీయకుండ్రి సార్ అని ఫోన్ పెట్టేశాడు.

హిమాయత్‌నగర్‌లో

యాదమ్మ ఆటో ఎక్కింది. నన్ను బండి మీద అన్నదమ్ములిద్దరి మధ్యా కూర్చోబెట్టుకున్నారు. ముందు నర్సింలు వీపు, వెనక కిష్టయ్య మోకాళ్ళు. పెద్ద రోడ్డు దిగి పొలాల దారి పట్టేసరికి, వీళ్ళు ఇంటికే తీసుకుపోతున్నారా అనే అనుమానం వచ్చింది. తెలిసినవాళ్ళెవరైనా కనిపిస్తే బాగుండుననుకున్నాను. ఒకాయన కనిపించి చెయ్యి ఊపాడు కూడా. నేను తల దించుకున్నాను.

ఇంటికే వెళ్ళాం. తాళం తీశారు. అఖిల గోడకానుకుని కూర్చుని ఉంది. ఎవరూ చెయ్యి చేసుకున్నట్లు లేదు కానీ, నన్ను చూడగానే ఇంకా లోపలికి ముడుచుకుపోయింది. నేను కూడా వాళ్ళ పక్షాన వచ్చాననుకుంది. గిటార్ తెమ్మంటే ఆమెకు అర్థం కాలేదు. యాదమ్మే తెచ్చి ఒళ్ళో పెట్టింది.

నర్సింలుతో ఒక్కటే చెప్పాను. “అన్నా, నీకు సంగీతం తెల్వనవసరం లేదు. ఉత్తగ విను. యాడ ఆగితే మంచిగనిపిస్తదో, యాడ ఆగితే మంచిగనిపియ్యదో నువ్వే చెప్పు.”

ఇల్లు, బజారు, వాకిలి, మళ్ళీ ఇల్లు వాయించమన్నాను. సీలో మొదలుపెట్టింది. బజారు అంటే ఎఫ్, చూపుడు వేలితో తీగలన్నీ నొక్కిపట్టాలి, అది మామూలు రోజుల్లోనే కష్టం. ఆ రోజు వేలి కింద బర్రుమంది. కిష్టయ్య పెదవి విరిచాడు. అయినా జీ దాటి మళ్ళీ సీకి వచ్చింది. ఇంకోసారి వాయించమన్నాను. ఈసారి కొంచెం నయంగా మోగింది.

“ఇప్పుడు పోవుడు వాయించు తల్లీ,” అన్నాను.

ఆమె నా వైపు చూసింది. ఆ ఇంట్లో, ఆ మనుషుల ముందు, ఆ మాట. తల అడ్డంగా ఊపింది. వద్దు సార్ అంది, పెదవులు మాత్రమే కదిలాయి. ఏ మాట అన్నందుకు తాళం పడిందో దాన్నే అందరూ చూస్తుండగా చెయ్యమంటున్నాను. నాకు మాత్రం భయం లేదా? ఆమె వాయించినా వీళ్ళకు ఏమీ వినిపించకపోతే, నేనే సాక్ష్యం తెచ్చి అప్పగించినట్లవుతుంది. అయినా ఇంకో దారి లేదు. వాయించమని మళ్ళీ అన్నాను.

మొదలుపెట్టింది. ఇల్లు, బజారు, వాకిలి. వాకిలి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆమె ఆపలేదు, భయంతో ఆగిపోయింది. ఐదో కార్డ్ గది మధ్యలో మోగుతూ ఉండిపోయింది. ఎవరూ కదల్లేదు.

“ఆగినవేంది బిడ్డా,” అన్నాడు నర్సింలు. “లోపటికి రా.”

అనేసి, తనేమన్నాడో తనకే వినపడి నా ముఖంలోకి చూశాడు. అఖిల కూడా తండ్రి వైపు చూసింది. అప్పుడు వేళ్ళు మెల్లగా ఆరో కార్డ్‌కు జరిపింది. ఏ-మైనర్. ఇల్లు రావలసిన చోట ఇల్లు రాలేదు. యాదమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“గిదేనా నువ్వన్న పోవుడు?” అంది.

“గిదే అత్తా,” అంది అఖిల. అప్పుడు ఏడ్చింది.

కిష్టయ్య బయటికి వెళ్ళి బండి స్టార్ట్ చేశాడు, నన్ను దింపడానికి. నర్సింలు ఫోను తెచ్చి కూతురి పక్కన పెట్టాడు. చేతికివ్వలేదు, పక్కన పెట్టాడు. షాబాద్ ప్రయాణం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత

ఆదివారం అఖిల వాయించలేదు. ఆ మర్నాడు తండ్రే బండి మీద తీసుకొచ్చి క్లాసులో దింపాడు, ఆ తర్వాత ప్రతిసారీ అంతే. కాలేజీకి వెళ్తోంది. చరణ్‌ను వాళ్ళ నాన్న చేవెళ్లలోనే ఇంకో మాస్టారు దగ్గర చేర్చాడు. సేటుకు ఎవరు చెప్పారో, ఎంత చెప్పారో నేను అడగలేదు.

గెలిచామనుకున్నాను. కొన్ని పాఠాల తర్వాత గమనించాను, ఆమె పోవుడు వాయించడం లేదు. పాట ఆరో కార్డ్ అడుగుతోంది, నేను నోటితో చెబుతున్నాను, అయినా వేళ్ళు వాకిలి నుంచి నేరుగా ఇంట్లోకే వెళ్తున్నాయి. మర్చిపోయి కాదు. ఎందుకమ్మా అంటే, ఇంటికే రానియ్యండి సార్ అంది, తల ఎత్తకుండా. నేను ఒత్తిడి చెయ్యలేదు. ఇల్లు, వాకిలి అనే పేర్లు మానేసి నంబర్లు చెప్పాను. ఐదు తర్వాత ఆరు అన్నాను. ఐదు తర్వాత మళ్ళీ ఒకటికే వచ్చింది.

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇది. కార్డులకు ఏ పేర్లైనా పెట్టుకోండి, పిల్లలకు నచ్చేవే పెట్టండి. కానీ మీ గదిలో నవ్వుతూ అనే మాట, ఇంటికి వెళ్ళాక మేనత్త చెవిలో పడుతుంది, బాబాయి చెవిలో పడుతుంది. ఆ ఇంట్లో ఆ మాటకు ఏ అర్థం ఉందో మీరు ముందే తెలుసుకుని ఉండాలి. ఇంకోటి కూడా ఉంది. నొప్పి వేళ్ళలోంచి పోయినట్లు భయం పోదు. అది ఒక్క సాయంత్రంలో వేళ్ళలోకి వెళ్తుంది. బయటికి ఎలా వస్తుందో ఏ స్కేల్లోనూ లేదు.

అలా చాలా రోజులు గడిచాక ఒకసారి నర్సింలు కూతుర్ని దింపి వెంటనే వెళ్ళలేదు. అఖిల లోపల గిటార్ శ్రుతి చేసుకుంటోంది. ఆయన నన్ను చెయ్యి పట్టి మెట్ల దగ్గరికి తీసుకొచ్చాడు. ఏదో ఫిర్యాదేమోనని పాత భయం తిరిగొచ్చింది.

“సార్, ఆ పొద్దు మా ఇంట్ల వాయించింది సూడు, లోపటికి రాకుండ పోయేది,” అన్నాడు. “అది మళ్ళ వాయించు బిడ్డా అని అడిగిన. గిటార్ కింద వెట్టి లోపటికి పోయింది. ఎన్నిసార్లడిగినా గంతే. నేనున్నంత సేపు ముట్టదు.” మెట్ల కింది రోడ్డు వైపు చూశాడు. “నా బిడ్డ నన్ను జూసి భయపడుతున్నది సార్. దీనికేమన్న ఉన్నదా మీ తాన?”

లేదన్నాను. అబద్ధమాడాలనిపించింది కానీ, ఆ మనిషికి అబద్ధం చెప్పే ధైర్యం కూడా నాకు లేదు. సరే సార్ అని తల ఊపి, మెట్లు దిగడానికి ఒక కాలు కింద పెట్టాడు.

“బాపు పోయిండా సార్?” అని లోపల్నుంచి అఖిల అడిగింది.

ఆయన అక్కడే ఆగిపోయాడు. నా వైపు చూశాడు. తర్వాత వంగి, చప్పుడు కాకుండా చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు.

“పోయిండమ్మా,” అన్నాను.

లోపల ఇల్లు మోగింది, బజారు మోగింది, వాకిలి మోగింది. అఖిల అక్కడ ఎప్పటిలా ఒక్క క్షణం ఎక్కువ ఆగి, ఆరో కార్డ్‌కు వెళ్ళింది. నర్సింలు గోడకు చెయ్యి ఆనించి, మెట్టు మీద ఉత్త కాళ్ళతో నిలబడి విన్నాడు.